వాషింగ్ మెషిన్లో రాయి

వాల్ ద సెర్వా,
7 మార్చి 2011

వచ్చే ఈస్టర్‌కి తప్పకుండా వస్తానని పదకొండేళ్ళుగా చెబుతున్న అబిలియో అన్నయ్యకి,

నీ చెల్లెలు ఎర్మెలిండా రాస్తున్నది. ఫోన్ చెయ్యకుండా ఉత్తరం ఎందుకంటావేమో. ఫోన్లో అయితే నీకు గిట్టని మాట రాగానే పెట్టేస్తావు. ఉత్తరాన్ని అలా పెట్టెయ్యలేవు. చింపెయ్యగలవు గానీ, చింపే ముందు ఏం రాశానో చూడకుండా ఉండలేవు. నీ సంగతి నాకు తెలీదా.

ఇక్కడ ఊరి అంబులెన్సు తప్ప అందరం కులాసా. మీ బావ జెర్వాసియోకి సోమ, బుధ, శుక్రవారాలు పట్నంలో డయాలసిస్ అని నీకు తెలుసు. తెలియకపోతే ఇప్పుడు తెలిసింది. డెబ్భై కిలోమీటర్లు, అంతా కొండ దారి. తీసుకెళ్ళేది మన ఫైర్ స్టేషన్ వాళ్ళ అంబులెన్సు. దాని వెనక తలుపు తాడుతో కట్టి ఉంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు డ్రైవరు దానితో మర్యాదగా మాట్లాడాలి, లేకపోతే కదలదు. ఫిబ్రవరిలో మర్యాద సరిపోలేదు కాబోలు, రెండు గంటలు దారిలో నిలబడిపోయింది. ఆయన ఆసుపత్రి చేరేసరికి ఆయన వంతు సగం అయిపోయింది. ఆ సగంతోనే సరిపెట్టి పంపేశారు. మర్నాటికి కాళ్ళూ మొహమూ వాచిపోయాయి. ఇంకోసారి అలా జరిగితే ఏమవుతుందో డాక్టరు నాకు చెప్పాడు. నేను మీ బావకి చెప్పలేదు. నాకు భయంగా ఉందన్నయ్యా.

ఇక అసలు సంగతికొస్తాను. మన ఊళ్ళో స్వచ్ఛంద భాగస్వామ్యం ఒకటి పుట్టింది. ఇళ్ళల్లో మూలపడ్డ టీవీలు, రేడియోలు, ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషిన్లు పోగుచేసి రీసైక్లింగ్ కంపెనీకి అప్పగించడం దాని పని. మునిసిపాలిటీ, ఫైర్ స్టేషన్, చర్చి, ఎలక్ట్రిక్ సామాన్ల దుకాణం, ఆ కంపెనీ కలిసి, ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్ల మీద సంతకాలు చేశారు. ఏడు ఉపన్యాసాలు అయ్యాయి. ఒప్పందం ప్రకారం ఎవరికీ ఏ బాధ్యతా లేదు, అంతా స్వచ్ఛందం. అందుకే అంత ఉత్సాహంగా సంతకాలు పెట్టారు. మరి సామాను మోసేదెవరని నేను నోరు జారి అడిగాను. హాల్లో ఉన్నవాళ్ళందరూ నావైపు తిరిగి చప్పట్లు కొట్టారు. ఆ విధంగా నేను కార్యదర్శినయ్యాను.

అయితే ఇందులో ఒక పోటీ ఉంది. జిల్లాలో పద్నాలుగు ఫైర్ స్టేషన్లున్నాయి. మే 31లోగా ఎవరు ఎక్కువ బరువు పోగేస్తే వాళ్ళకి కొత్త అంబులెన్సు ఇస్తారు. కిందటేడు పెద్రెయిరా వాళ్ళు గెలుచుకున్నారు. ఫ్రిజ్‌లలో రాళ్ళు నింపి గెలిచారని మన కమాండర్ ఫిర్మినో నమ్మకం. ఫిర్మినో గుర్తున్నాడా? బడిలో నేను పాఠాలు చెప్పే క్లాసులో కాపీ కొట్టి, మళ్ళీ తనే వచ్చి నాకు చెప్పి ఏడ్చేవాడు. ఇప్పటికీ అంతే, మీసం ఒక్కటే కొత్త.

నీ దుకాణంలో జనం రిపేరుకిచ్చిన టీవీలు పదకొండేళ్ళుగా దుమ్ము తింటున్నాయి. ఆ తాళంచెవి పంపించు.

నీ చెల్లెలు
ఎర్మెలిండా

సెతూబల్,
12 మార్చి

గౌరవనీయులైన కార్యదర్శి గారికి,

నీ ఉత్తరం అందింది. చింపలేదు. మనవరాలు తెల్మా దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించింది. వెళ్తూ వస్తూ చూస్తున్నాను.

బావ సంగతి విని మనసు పాడైంది. ఆ మాట ఆయనతో చెప్పకు, నేను మెత్తబడ్డాననుకుంటాడు. తాళంచెవి సంగతి వేరు. నేను ఊరు వదిలిన రోజున బస్సు మెట్ల దగ్గర ఆ మనిషి నాతో ఏమన్నాడో నీకు గుర్తుందా? "నువ్వెటూ తిరిగిరావు, దుకాణం నాకిస్తే వైన్ పీపాలు పెట్టుకుంటా" అన్నాడు. భార్య పోయి నెల కాలేదు నాకు. పదకొండేళ్ళ తరవాత ఇప్పుడు అంబులెన్సు అంటున్నారు. అంబులెన్సు వెనకాల పీపాలు రావని నమ్మకమేమిటి?

అదీగాక, ఆ టీవీలు నావి కావు. ప్రతిదానికీ చీటీ కట్టి ఉంది. చీటీ మీద మనిషి పేరుంది, బాగుచేసి ఇస్తానని నేనిచ్చిన మాటుంది. నేను తాళం వేసింది దుకాణానికి, చెత్తకుండీకి కాదు. మొత్తం యాభై ఎనిమిది. పేర్లు ఇంకో కాగితం మీద రాసి పంపుతున్నాను. ఒక్కొక్కళ్ళ దగ్గరా సంతకం తీసుకురా, అప్పుడు చూద్దాం.

మిలటరీలో ఉన్నప్పుడు నేను రాసిన ఉత్తరాల్ని నువ్వు ఎర్ర సిరాతో దిద్ది తిరుగు టపాలో పంపేదానివి. అప్పటికి నీకు పదమూడేళ్ళు. ఇలాంటిదాన్ని కార్యదర్శిని చేసినవాళ్ళని చూస్తే జాలేస్తోంది.

అబిలియో

వాల్ ద సెర్వా,
26 మార్చి

అన్నయ్యకి,

ఈ వయసులో నీ దస్తూరీ భలే ముచ్చటగా మారింది. గుండ్రంగా, వరస తప్పకుండా, కాలేజీ పిల్ల రాసినట్టుంది. నువ్వు చెబుతుంటే తెల్మా రాస్తోందని నేను కనిపెట్టలేననుకున్నావా? సొంత చెల్లెలికి నాలుగు ముక్కలు రాసే తీరిక కూడా లేని పెద్దమనిషివయ్యావన్నమాట. సంతోషం. ఎర్ర సిరా ఖర్చు తప్పింది.

పీపాల గురించి మీ బావని అడిగాను. ఆయనకి డాక్టరు వైన్ మాన్పించి నాలుగేళ్ళయింది. ఉన్న పీపాలు కోయించి పూలతొట్లు చేశాం. ఇక నీ పగ తీర్చుకోవాలంటే పూలమొక్కల మీద తీర్చుకోవాలి.

నీ జాబితా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. తొమ్మిది మంది ఈ లోకంలో లేరు, వాళ్ళు మాత్రం ఏ అభ్యంతరమూ చెప్పలేదు. మిగతావాళ్ళు నేను అడిగేదాకా ఆ టీవీ సంగతే మరిచిపోయి హాయిగా ఉన్నారు. అడిగిన మరుక్షణం, అలాంటి బొమ్మ మళ్ళీ ఏ టీవీలోనూ రాలేదని ఒకటే బాధ. ఒలిందా మామ్మ నన్ను కూర్చోబెట్టి, కేకు పెట్టి, అబిలియో మాటిచ్చాడు కాబట్టి బాగుచేసే ఇవ్వమంది. మామ్మకి ఎనభై ఆరేళ్ళు. ఇంట్లో కొత్త టీవీ గోడంత ఉంది.

పని అయ్యేది కాదని ఇంటికొచ్చేశాను. అప్పుడు ఫిర్మినో ఎందుకో తోచి, ఎవరెవరు ఎన్ని కిలోలిచ్చారో రాసి స్టేషన్ గోడకి అంటించాడు. మునిసిపాలిటీ గుమాస్తా పేరు పక్కన 41 కిలోలు, ఫాదర్ పేరు పక్కన ఇస్త్రీపెట్టె ఒకటి, కిలోన్నర. ఊరంతా కదిలొచ్చి చదివింది. సాయంత్రానికల్లా నా గుమ్మం ముందు జనం. అందరిదీ ఒకటే మాట: మా టీవీ మీ అన్నయ్య పేరున తూగడానికి వీల్లేదు, మేమే తీసుకెళ్ళి మా పేరున ఇస్తాం. యాభై ఎనిమిది సంతకాలూ ఇందులో ఉన్నాయి, చూసుకో. పోయినవాళ్ళ తరపున వాళ్ళ పిల్లలు సంతకం పెట్టారు.

తాళంచెవి పంపుతావా, తాళం పగలగొట్టమంటావా? ఫైర్ స్టేషన్లో గొడ్డళ్ళు చాలానే ఉన్నాయి.

ఎర్మెలిండా

సెతూబల్,
31 మార్చి

ఎర్మెలిండాకి,

తాళంచెవి ఇందులో పెట్టాను. ఎడమవైపుకి తిప్పాలి. కుడివైపు తిప్పితే విరుగుతుంది, కాబట్టి ఫిర్మినో చేతికి ఇవ్వకు.

టీవీలు తీసుకెళ్ళండి. అలమరలో తీగలు, పాత రేడియో వాల్వులు, అన్నీ తీసుకోండి. ఒక్కటి మాత్రం ముట్టుకోకూడదు. కిటికీ కింద బల్ల మీద గుండ్రటి చిన్న తెర ఉన్న, టీవీల్లో లోపం పట్టే పరీక్ష పెట్టె ఉంటుంది. మొదటి జీతంతో కొన్నాను, వెనకాల నా పేరు చెక్కి ఉంటుంది. దాని మీద గుడ్డ కప్పి ఉంచు. నేను మళ్ళీ వచ్చి పని మొదలెట్టినప్పుడు కావాలి.

పెద్రెయిరా వాళ్ళు రాళ్ళు పెట్టారంటే నేను నమ్మను. ఫ్రిజ్‌లో రాయి పెడితే తలుపు తియ్యగానే కనబడుతుంది. అంత తెలివితక్కువవాళ్ళు జిల్లాలో ఒక్క ఊళ్ళోనే ఉన్నారు, అది పెద్రెయిరా కాదు.

అబిలియో

వాల్ ద సెర్వా,
26 ఏప్రిల్

అన్నయ్యా,

ఈస్టర్ వెళ్ళిపోయింది. నువ్వు రాలేదు. మామూలే కాబట్టి గొర్రె మాంసం నీ వంతు ఎవరూ దాచలేదు.

నీ దుకాణం ఖాళీ అయింది. ఎలా అయిందో చెబితే నువ్వు నమ్మవు. నీ దుకాణానికీ ఫైర్ స్టేషన్‌కీ మధ్య అడ్డం ఒక్క గోడే కదా. గోడ మీంచి అందిస్తే గంటలో పని అయిపోయేది. అలా చేస్తే ఎవరిచ్చారో ఊరికి ఎలా తెలుస్తుంది? అందుకని ఒక్కొక్కళ్ళూ తమ టీవీ మోసుకుని కొండెక్కి ఇంటికెళ్ళారు. తుడిచి, రెండు రోజులు చావడిలో పెట్టుకుని, మళ్ళీ కొండ దిగి నీ దుకాణం ముందునించే స్టేషన్‌కి తెచ్చారు. ఒలిందా మామ్మ తన టీవీని మునిమనవరాలి తోపుడు బండిలో, మీద లేసు గుడ్డ కప్పి తెచ్చింది. గుడ్డతో సహా తూచమంది. ఫిర్మినో గుడ్డ తీసి, మడిచి, చేతికిచ్చాడు. మామ్మ ఇప్పుడతనితో మాట్లాడటం లేదు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఆ తరవాతే నీ పరువు పోయింది.

వాషింగ్ మెషిన్లు నలభై మూడు వచ్చాయి. మొదటిది మామ్మదే, నువ్వు రిపేరు చేసినదే, వెనకాల నీ దుకాణం కాగితం ఇంకా అంటుకుని ఉంది. ఎత్తుతుంటే నలుగురికి నడుం పట్టేసింది. ఫిర్మినోకి అనుమానం వచ్చి పైమూత విప్పించాడు. చూస్తే లోపల ఇంత రాయి. రాయంటే అలా ఇలా పడెయ్యలేదు, రెండు బోల్టులతో బిగించి ఉంది. ఇది పక్కా మోసమనడానికి ఆ బోల్టులే సాక్ష్యమన్నాడు. రెండోది విప్పారు, అందులోనూ రాయే. నలభై మూడింటిలోనూ రాళ్ళే.

ఊరంతా కూడి ఆలోచిస్తే తేలిందేమిటంటే, ఈ చుట్టుపక్కల వాషింగ్ మెషిన్ ముట్టుకున్నవాడివి నువ్వొక్కడివే. ఎందుకు పెట్టావన్నదే ఎవరికీ అంతు చిక్కలేదు. ఇలాంటి పోటీ వస్తుందని పదకొండేళ్ళ ముందే పసిగట్టావని మంగలి అన్నాడు. కొందరు నీ ముందుచూపు మెచ్చుకున్నారు కూడా. నేను మాత్రం నీ తరపున గట్టిగా పోట్లాడాను. మా అన్నయ్య ఒట్టి బద్ధకస్తుడు, నలభై మూడు రాళ్ళు ఎత్తే రకం కాదు అని అందరి ముందూ చెప్పాను.

ఫిర్మినో రాళ్ళన్నీ పీకించేశాడు. మన ఊరు ఓడిపోయినా సరే, నిజాయితీగా ఓడిపోవాలట. మీ బావ ఆ మాట విన్నాడు. శుక్రవారం అంబులెన్సు ఎక్కుతూ, తలుపు తాడు తనే కట్టుకున్నాడు.

నిజం చెప్పు. ఎందుకు పెట్టావు?

ఎర్మెలిండా

సెతూబల్,
30 ఏప్రిల్

ఎర్మెలిండా,

నీ ఉత్తరం తెల్మా చదువుతుంటే మధ్యలో రెండుసార్లు ఆపి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

అవి రాళ్ళు కావు. కాంక్రీటు దిమ్మలు. ఫ్యాక్టరీలోనే పోసి బిగిస్తారు. బట్టలు పిండేటప్పుడు డ్రమ్ము ఎంత వేగంగా తిరుగుతుందో ఎప్పుడైనా చూశావా? ఆ బరువు లేకపోతే మెషిన్ వంటింట్లోంచి నడుచుకుంటూ వీధిలోకి వస్తుంది. పాతిక కిలోలుంటుంది ఒక్కోటి. మన ఊళ్ళో, పెద్రెయిరాలో, లిస్బన్‌లో, మంత్రి గారింట్లో, ఎక్కడ ఏ మెషిన్ విప్పినా ఉంటుంది. నీ వంటింట్లో ఉన్నదానిలో కూడా ఉంది. నమ్మకపోతే మూత తీసి చూసుకో. చూసి మళ్ళీ బిగించు, దయచేసి ఫిర్మినోని పిలవకు.

మోసం జరక్కూడదని మెషిన్ల బరువు మీరే తగ్గించుకున్నారు. పాతిక నలభై మూళ్ళు ఎంతో నీకు తెలుసు, ఆ ఊరి పిల్లలందరికీ ఎక్కాలు నేర్పింది నువ్వేగా. పెద్రెయిరా వాళ్ళు మీకు తలుపుకి తాడు బహుమతిగా పంపాలి.

ఇదంతా నవ్వి వదిలేసేవాణ్ణే. ఇరవై ఆరేళ్ళు ఆ ఊళ్ళో ప్రతి వంటింట్లోనూ నేల మీద బోర్లా పడుకుని మెషిన్లు బాగుచేశాను. మామ్మ మెషిన్ క్రిస్మస్ ముందురోజు ఆగిపోతే జ్వరంతో వెళ్ళి చేశాను. ఆ ఊరు నన్ను దొంగ అనుకుంది, పోనీ. నువ్వు నన్ను బద్ధకస్తుడని వెనకేసుకొచ్చావు. ఎర్మెలిండా, నాకు చాలా కష్టమేసింది. ఆ మాట మాత్రం తెల్మా రాయనంటే బలవంతాన రాయించాను.

ఇంక ఉత్తరాలు వద్దు.

అబిలియో

వాల్ ద సెర్వా,
5 మే

అన్నయ్యా,

ఉత్తరాలు వద్దన్నావు కాబట్టి దీన్ని ఫిర్యాదు అనుకో.

నీ ఉత్తరం చదివి నేరుగా వంటింట్లోకెళ్ళాను. మూత తీశాను. ఉంది. నేను తప్పు చేశాను. ఈ వాక్యం ఒక్కసారే రాస్తాను, కావాలంటే ఫ్రిజ్‌కి అంటించుకో.

తరవాత స్టేషన్ ముందు నిలబడి నీ ఉత్తరం పైకి చదివాను, బద్ధకస్తుడి ముక్కతో సహా. మంగలి తన దుకాణంలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. ఫిర్మినో ఏడ్చాడు. అతనికది అలవాటే గానీ, ఈసారి కారణం పెద్దది. మోసానికి గుర్తుగా, ముందు తరాలకి బుద్ధి రావాలని, ఆ నలభై మూడు దిమ్మల్నీ జెండా కర్ర చుట్టూ పేర్చి, సిమెంటు పూసి, సున్నం కొట్టి, మధ్యలో జెరేనియం మొక్కలు నాటించాడు. మొక్కలు బాగా పట్టాయి కూడా.

నిన్న కంపెనీ లారీ వచ్చింది. మెషిన్లు తీసుకోనంది. లోపలి సామాను పీకేసినవి లెక్కలోకి రావట. నలభై మూడూ దొడ్లో పడున్నాయి. ఇప్పుడు పెద్రెయిరా వాళ్ళు మనకన్నా ఏడొందల కిలోలు ముందున్నారు. మెషిన్లు తూగితే వాళ్ళని అందుకోవడమే కాదు, దాటేస్తాం. తూగకపోతే మీ బావ ఇంకో ఏడాది ఆ తాడునే నమ్ముకోవాలి. ఆయనకి ఇంకో ఏడాది అలా గడుస్తుందని నేను అనుకోవడం లేదు.

దిమ్మలు తవ్వి తియ్యడం మా వల్ల అవుతుంది. కొన్ని అర్ధచంద్రంలా, కొన్ని గుర్రపునాడాలా, కొన్ని ఇటుకలా ఉన్నాయి. ఏది ఎందులోదో చెప్పగలిగిన మనిషి భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. వాడు మన మీద అలిగి సెతూబల్‌లో కూర్చున్నాడు.

రా అన్నయ్యా. బతిమాలడం నాకు రాదని నీకు తెలుసు. ఇదే బతిమాలడం అనుకో.

ఎర్మెలిండా

సెతూబల్,
9 మే

ఎర్మెలిండాకి,

14వ తారీకు శనివారం మొదటి బస్సుకి వస్తాను. ఆదివారం ఆఖరి బస్సుకి వెళ్ళిపోతాను. రెండే రెండు షరతులు.

నేను కుర్చీలో కూర్చుని చెబుతాను, ఏదీ ముట్టుకోను. నేను నిపుణుణ్ణి, కూలీని కాను. స్క్రూడ్రైవర్ పట్టుకోవడానికి మనిషిని చూసి పెట్టు. వాడు ఫిర్మినో కాకూడదు.

జెరేనియం మొక్కలు చచ్చిపోకుండా తియ్యండి. వాటి తప్పేం లేదు.

అబిలియో

వాల్ ద సెర్వా,
17 మే

మహా నిపుణులైన అన్నయ్య గారికి,

క్షేమంగా చేరి ఉంటావు. చేరకేం, బస్సులో కూడా ఎవరో ఒకరి చేత మోయించుకునే ఉంటావు.

పని అయింది, కాదనను. ఆ దిమ్మల్ని దూరం నించి చూసి, ఇది మామ్మది, అది గుమాస్తాది, ఇది ఫాదర్‌ది అని నువ్వు చెబుతుంటే ఊరు నోరు తెరుచుకుని చూసింది. మూడు మాత్రం సిమెంటుతో పగిలిపోయాయి. మిగతా నలభై బిగించారు. నిన్న లారీ మాట్లాడకుండా తీసుకుంది.

కానీ నీ తీరు చూస్తే నాకు ఒళ్ళు మండింది. పదకొండేళ్ళకి వచ్చి, రెండు రోజులూ ఆ గళ్ళ కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని బిషప్పులా కూర్చున్నావు. మనిషిని పెట్టమంటే, అందరూ ఉండగా మీ బావే వచ్చి స్క్రూడ్రైవర్ పట్టుకున్నాడు. శుక్రవారం డయాలసిస్ చేయించుకున్న మనిషి శనివారం నేల మీద కూర్చుని బోల్టులు బిగిస్తుంటే, నువ్వు కుర్చీలోంచి "ఎడమ పక్కది ఇంకో చుట్టు" అంటావా? ఒక్క బోల్టు అందిస్తే నీ నైపుణ్యం అరిగిపోయేదా?

ఇంట్లో అయినా మనిషిలా ఉన్నావా? నీకిష్టమని క్యాబేజీ సూపు చేశాను. అమ్మ చేసినట్టే, సాసేజీ ముక్క వేసి. ముట్టలేదు. ఆకలి లేదని ఒట్టి రొట్టె తుంచుకుని తిన్నావు. మామ్మ క్షమాపణ చెప్పుకోవడానికి పిలిచి కాఫీ ఇస్తే, కప్పు వైపు చూసి లేచి వచ్చేశావట. ఆవిడ రెండు రోజులు కుమిలిపోయింది. వెళ్ళేటప్పుడు నాతో చెయ్యి కూడా కలపలేదు.

నీ దుకాణం నువ్వే తాళం వేసుకున్నావు, చెవి నువ్వే పట్టుకెళ్ళావు. బతికున్నంతకాలం దాన్ని మెళ్ళో వేలాడదీసుకో.

ఈ ఉత్తరం పోస్టు చేస్తానో లేదో కూడా చెప్పలేను.

3 జూన్

చెయ్యలేదు. మంచిదే అయింది. పైది చింపేద్దామనుకున్నాను గానీ, నేనెంత మొద్దుమొహాన్నో నువ్వు చదవాలి కాబట్టి అలాగే పంపుతున్నాను.

మనం గెలిచాం. పద్దెనిమిది వందల కిలోల తేడా. నిన్న ఫిర్మినో ఆఖరి జాబితా గోడకి అంటించాడు. కార్యదర్శిని కదా, అచ్చుతప్పులు చూద్దామని ఎర్ర పెన్ను పట్టుకుని వెళ్ళాను. ఒలిందా మామ్మ టీవీ, మెషిన్ కలిపి 104. గుమాస్తా 98. చదువుకుంటూ కిందికొచ్చాను. చిట్టచివర, నువ్వు వెళ్ళిన ఆదివారం తారీకుతో, "అబిలియో, పరీక్ష పెట్టె, 14 కిలోలు" అని ఉంది.

మళ్ళీ వచ్చి పని మొదలెట్టినప్పుడు కావాలన్నావు. గుడ్డ కప్పమన్నావు. ఆ పెట్టెని నువ్వే చంకలో పెట్టుకుని కాటా మీద పెట్టి, నాకు చెప్పకుండా బస్సెక్కావు. అప్పుడు ఒక్కొక్కటీ తట్టింది. కోటు జేబులు. చెంచాతో తాగాల్సిన సూపు. కప్పుతో ఎత్తాల్సిన కాఫీ. తెల్మా దస్తూరీ.

ఇంటికొచ్చి మీ బావతో అన్నాను, అన్నయ్య చేతులు వణుకుతున్నాయని. ఆయన తల కూడా ఎత్తలేదు.

"నాకు తెలుసు. బోల్టు అందించబోయి కింద పడేశాడు. నా వాచిన కాళ్ళు చూడనట్టు ఆయన నటించాడు, ఆయన చేతులు చూడనట్టు నేను నటించాను. ఇద్దరం హాయిగా పనిచేసుకున్నాం" అన్నాడు.

రెండు రోజులూ నా పక్కనే కూర్చుని ఈ మగవాళ్ళిద్దరూ నన్ను వెర్రిదాన్ని చేశారన్నమాట.

అన్నయ్యా, గెలవడానికి నీ పద్నాలుగు కిలోలు అక్కర్లేదు. ఎవరూ అడగలేదు. ఆ మాటే ఫిర్మినోని పట్టుకుని అరిచాను. అతను ఎర్రబడిపోయి స్టేషన్ లోపలికి తీసుకెళ్ళాడు. పెట్టె అక్కడే ఉంది. లారీ ఎక్కించడానికి చెయ్యి రాలేదట. తూకం అయ్యాక దించేశాడట. మరి గోడ మీద 14 కిలోలుందే అంటే, కంపెనీకిచ్చిన కాగితంలో కొట్టేశాను టీచర్, గోడ మీద మాత్రం మనసొప్పలేదు అన్నాడు. అతని జన్మలో గోడ మీద రాసిన అబద్ధం అదొక్కటే. నేను ఎర్ర పెన్ను జేబులో పెట్టుకున్నాను. పెట్టె ఇప్పుడు మా వంటింటి బల్ల మీద ఉంది, గుడ్డ కప్పే ఉంది.

13వ తారీకు, పునీత ఆంటోనియో పండగ రోజున ఫాదర్ కొత్త అంబులెన్సుని దీవిస్తారు. మళ్ళీ ఏడు ఉపన్యాసాలు. 15వ తారీకు బుధవారం మీ బావని తీసుకుని మొదటిసారి పట్నం వెళ్తుంది. తలుపు దానంతటదే మూసుకుంటుందట. రోగి పక్కన ఇంకొకళ్ళు కూర్చోవడానికి సీటు కూడా ఉంది. నాకు ఆ కొండ మలుపుల్లో కళ్ళు తిరుగుతాయి.

ఇంకో సంగతి. ఇక మీదట తెల్మాని ఇబ్బంది పెట్టకు. నేను ముప్పై నాలుగేళ్ళు ఒకటో తరగతికి పాఠాలు చెప్పాను. వంకర అక్షరాలు చదవడం నాకొచ్చినంత బాగా ఈ దేశంలో ఇంకెవరికీ రాదు.

నీ చెల్లెలు
ఎర్మెలిండా

సెతూబల్,
9 జూన్

ఎర్మెలిండా,

మంగళవారం బస్సుకి వస్తున్నాను. బుధవారం బావ పక్కన నేను కూర్చుంటాను. సూపు పెద్ద గ్లాసులో సగమే పొయ్యి.

ఈ రెండు ముక్కలు రాయడానికి పొద్దుటినించి భోజనాల వేళ దాకా పట్టింది. ఎర్ర సిరా పెట్టకు.

అబిలియో